లాంపు రూము లెక్క

పొద్దుగాల ఐదుంబావుకు
రాజురా బస్సు స్టాపు దాటి రెండడుగులు ముందుకొచ్చి ఆగుతది.
బురద లేని జాగ చూసి ఆపుతడు
చంద్రభాన్ డ్రైవరు.
మాట్లాడడు, మొకం గూడ తిప్పడు.
ఆ రెండడుగుల సంగతి
నా చెప్పులకు తెలుసు.

బల్లార్షా దాటి
వర్ధా వంతెన మీద కిటికీ తీస్తె
కాసేపు నీళ్ళ వాసన.
ఆవలి ఒడ్డుకు మళ్ళ బొగ్గు వాసనే.
వంతెన ఇంకింత పొడుగు కట్టుంటె
ఎవని సొమ్ము పోతుండె?

సాస్తి గని ముంగట లాంపు రూముల
దీపాలన్ని రాత్రంత కరెంటు తాగి
ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే పచ్చగయితయి.
నేను పోయేసరికి ఇంక మూడో నాలుగో ఎర్రగనే ఉంటయి,
బువ్వ నోట్లె పెట్టుకొని మింగని పిల్లల్లెక్క.
వాటి ముందల నిలవడి
"కానీయుండ్రి, కానీయుండ్రి" అంటుంట.
ఎవరన్న ఇంటె నవ్విపోతరు.

సుమన్‌తాయి మరాఠీల లెక్కవెడుతది,
నేను తెలుగుల.
ఆమె ఏక్‌శే వీస్ అనంగనే నేను నూటిరవై.
ఒకరి లెక్క ఒకరికి అడ్డమే,
అయినా ఇద్దరం ఒక్క తావునే ఆగుతం.
ఆగని రోజు మళ్ళ మొదటికెల్లి.
ఆమె డబ్బల పిఠలం, భాకర్.
నా డబ్బల సర్వపిండి.
సర్వం అంటె సగళే గదా అని
దానికి సగళీపిండి అని పేరు పెట్టింది.
ఇప్పుడు నా బిడ్డ గూడ అట్లనే అంటది,
వాళ్ళ అమ్మమ్మ తిడుతది.

మొన్న తొలి వాన పడ్డది.
గేటు కాడి వేపచెట్టు పచ్చగుంటదని
ఏడాదికొక్కసారి యాదికొస్తది మాకు.
గచ్చు మీద నల్ల నీళ్ళు ఎటు పోవాల్నో తెలువక నిలవడితె
ఓదెలన్న చీపురు వట్టి
వాటికి తొవ్వ చూపిచ్చిండు,
పోరగాండ్లను బడికి తోలినట్టు.
ఆయన గేటు కాపలా మనిషి. అది ఆయన పని గాదు.

ఇగ రెండు వందల పద్నాలుగు.
అది మా ఆయన నంబరు.
ఆయన గనిల పోలేదు, దమ్ము రోగంతోని
మంచంల పోయిండు.
ఆయన పేరు మీదనే నాకు ఈ కొలువిచ్చిండ్రు,
కిందికి దిగే పని గాదు, దీపాలిచ్చే పని.
ఆ కొక్కెం మూడేండ్లు ఖాళీగుండె.
అడిగినోళ్ళకు ఇరిగిందని చెప్పిన.
సుమన్‌తాయికి తెలుసు ఇరగలేదని,
ఆమె గూడ ఇరిగిందనే చెప్పింది.

ఆఖరికి కొత్త పిలగానికిచ్చిండ్రు.
తోడసం జంగు, జివతి గుట్టల దిక్కోడు.
మొదటి రోజు దీపం చేతికియ్యబుద్ధి గాలేదు,
బల్ల మీద పెట్టిన.
వాడు ఇత్తడి బిళ్ళ నా ముందు పెట్టి
దీపం టోపీకి తగిలిచ్చుకొని
తలుపు దాటినంక ఎనుకకు మర్రి
ఒకసారి ఆర్పి, ఎలిగిచ్చిండు,
కన్ను గొట్టినట్టు.
ఎంత ధైర్యం పోరనికి!
సుమన్‌తాయి నోట్లె కొంగు కుక్కుకున్నది.
అప్పటిసంది రోజు గంతే.
ఒక్కనాడు మరిచిపోతె
బల్బు పోయిందా అని నేనే పిలిచి అడిగిన.

రెండు గంటలకు పాళీ దిగుతది.
దీపాలు వాపసొస్తయి, ఎచ్చగ,
ఒక్కొక్కని నెత్తి ఎచ్చదనం ఒక్కో తీరు.
దీపమిచ్చి బిళ్ళ తీస్కపోతరు.
టక్కున కొక్కెం ఖాళీ, మళ్ళ ఇంకోటి.
ఖాళీ అంటె మనిషి పైకొచ్చినట్టు.
ఈ లెక్క నాకు మొదట్ల సమజు గాలేదు.

ఇయ్యాల ఒక్క బిళ్ళ మిగిలింది.
ఏదో చెప్పనవసరం లేదు.
సుమన్‌తాయి గడియారం దిక్కు, నేను తలుపు దిక్కు.
ఇరవై నిమిషాలు.
వచ్చిండు, నోటినిండ శెనిగెలు నములుకుంట,
పిడికెడు నా బల్ల మీద గుమ్మరిచ్చి
బిళ్ళ తీసుకొని పోయిండు.

తిడుదామని తెరిచిన నోట్లె
రెండు శెనిగెలు వేసుకున్న.
బోర్డంత నున్నగ ఉన్నది.
గుడ్డ పెట్టి తుడిచిన, అవుసరం లేకున్నా.
బస్సుకింక పది నిమిషాలున్నది.